బల్బు పెద్దది ఏసిన సంది బుల్లెట్ సతాయిస్తున్నది: లైటు డిమ్ము, ఇండికేటర్ సుస్తు, నీలం దీపం దానంతట అదే

మర్రిచెట్ల దారి:

అందరికి నమస్తె. బండి బుల్లెట్ ఎలెక్ట్రా, 2014 మోడల్. 61 వేల కిలోమీటర్లు తిరిగింది, అన్నీ నా చేతులనే. నాకు చేవెళ్లల మందుల దుకాణం ఉన్నది, ఇల్లు లంగర్‌హౌజ్‌ల. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ గుంజి బయలెల్లుత. మొయినాబాద్ దాటేదాంక ఆ మర్రిచెట్ల కింద రోడ్డు ఎట్లుంటదో పోయినోళ్లకు ఎరుకే. పగటిపూట సల్లగ, సూడముచ్చటగ ఉంటది. రాత్రి అయితె ఆకాశం గూడ కనవడది. ఎదురుంగ లారీ లైటు కండ్లల్ల కొట్టినంక రెండు మూడు సెకండ్లు ఏం సమజ్ కాదు. గప్పుడే పత్తి ట్రాక్టరు ఒకటి, ఎనక లైటు లేకుంట, రోడ్డు అంచుకు నిలవడి ఉంటది. దసరా ముందర గసుంటి ట్రాలీకి గజం దూరంల బండి ఆపిన. కాళ్లు వణుకుడు ఇంటికొచ్చేదాంక తగ్గలే. తెల్లారి మెకానిక్ దగ్గరికి పోయి "నాకు పెద్ద లైటు కావాలె, పైసలు ఎన్నయినా సరే" అన్న.

ఆయన 60/55 వాట్ల (హైకి 60, లోకు 55) బల్బు తీసి 100/90 హాలోజన్ ఏసిండు. హోల్డర్ వదులయిందని అది గూడ కొత్తది పెట్టిండు. వారం పది రోజులు మస్తు వెలుగు. దుకాణం ముంగట పోలీసాయన ఆగి "ఏందన్నా, విమానం లైటు పెట్టినవా" అని గూడ అన్నడు.

ఇగ ఆ తర్వాత షురూ అయింది. అప్పా జంక్షన్ సిగ్నల్ దగ్గర బండి ఐడిల్ మీద ఉంటె లైటు పసుపుపచ్చగ, గుడ్డి దీపం లెక్క అయితది. రేస్ ఇస్తె కొంచెం లేస్తది. ఇండికేటర్ ఏస్తె మెల్లగ కొట్టుకుంటది, దాని తాళానికి హెడ్‌లైట్ గూడ కన్ను గీటుతది. ఆంపియర్ మీటర్ ముల్లు లైటు ఏయంగనే మైనస్ దిక్కు వాలి ఆడనే కూసుంటది. ఒకరోజు లారీకి పాస్ లైటు కొట్టంగనే ఫ్యూజ్ పోయి మొత్తం చీకటి. తెల్లారి మెకానిక్ అండ్ల 30 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి "ఇగ పోదు" అన్నడు. నిజమే, పోలే. కని నెల తిరగకముందే బ్యాటరీ దిగింది. 2,600 పెట్టి కొత్తది, అదే సైజు 14 ఏహెచ్‌దే, కొన్న. పన్నెండో రోజుకు అది గూడ సెల్ఫ్ తీస్తలేదు, కిక్కు కొట్టి తెస్తున్న.

ఇంకొకటి ఉన్నది, అందరు నవ్వుతరని మెకానిక్‌కు చెప్పలే. లైటు లో బీమ్ మీద ఉన్నప్పుడు గూడ హై బీమ్ గుర్తుకు పెట్టిన నీలం దీపం సన్నగ ఎలుగుతున్నది. పట్నం వీధుల్ల కనవడది. మర్రిచెట్ల కిందికి రాంగనే మిణుగురు పురుగు లెక్క కనవడ్తది. హై ఏస్తె మామూలుగ ఎలుగుతది.

ఇప్పుడు ఆయన "మాగ్నెట్ కాయిల్ కాలింది, రెక్టిఫైయర్ గూడ మార్చాలె, 4,500 అయితది" అంటున్నడు. ఒప్పుకునుడా, వద్దా? నాకు మందుల ఎక్స్‌పైరీ డేట్లు తెలుసు గని కరెంటు సంగతి తెల్వది. జర చెప్పుండ్రి.

---

కూకట్‌పల్లి రైడర్:

బ్రో, 2014 బండికి ఇంకా హాలోజనా? హెచ్4 (మీ హెడ్‌లైట్ సాకెట్ రకం) ఎల్ఈడీ వేసేయండి. నాది 30 వాట్లే, పగలు చేసేస్తుంది. బ్యాటరీ మీద లోడే ఉండదు. పాత సాకెట్‌లోనే కూర్చుంటుంది, పది నిమిషాల పని. కాయిల్, రెక్టిఫైయర్ ఏవీ ముట్టుకోనక్కర్లేదు.

---

పాత డైనమో:

తమ్మీ, 4,500 ఇప్పుడే ఇయ్యకు. ఆర్టీసీ డిపోల 31 ఏండ్లు ఆటో ఎలక్ట్రీషియన్‌గ చేసిన, రిటైరయి మూడేండ్లు. నువ్వు నవ్వుతరని దాచిన ముచ్చటలనే అసలు రోగం ఉన్నది. నీలం దీపం నిన్ను పిలిచి చెప్తున్నది.

హెచ్4 బల్బు లోపల ఎలిగే తీగలు (ఫిలమెంట్లు) రెండు ఉంటయి, లోకు ఒకటి, హైకి ఒకటి. రెండిటికి కలిపి ఎర్త్ పిన్ను ఒకటే. లో ఏసినప్పుడు కరెంటు లో తీగల నుంచి వచ్చి ఆ ఎర్త్ పిన్ను పట్టుకొని బ్యాటరీ మైనస్‌కు పోవాలె. ఆ ఎర్త్ దారి సరిగ లేదనుకో, కరెంటు ఆగి కూసోదు కద, ఇంకో సందు ఎతుక్కుంటది. హై తీగల ఉల్టా నడిచి, హై వైరు పట్టుకొని, దానికి తగిలిచ్చిన నీలం దీపంల నుంచి ఎర్త్‌కు పోతది. అందుకే లో మీద నీలం దీపం మిణుకుమంటది. ఇండికేటర్‌తోని హెడ్‌లైట్ కన్ను గీటుడు గూడ గదే. రెండిటికి ఎర్త్ ఒకటే చోట ఉన్నది, ఆ చోటు పాడయింది. రెండు లక్షణాలు ఒకే బండిల కనిపిస్తె నేను డూమ్ (హెడ్‌లైట్ గిన్నె) ఇప్పకముందే ఎర్త్ అని రాసిస్త.

కని రాసిస్తె సరిపోదు, కొలవాలె. కోఠి గుజరాతీ గల్లీల మూడు నాలుగు వందలకు మల్టీమీటర్ దొరుకుతది, కొనుక్కో. 20 వోల్టుల డీసీ మీద పెట్టు. బండి స్టార్ట్ చేసి, ఎవరినన్న రేస్ పట్టుకోమని, లో లైటు ఏసి నాలుగు కొలతలు తియ్యి. హోల్డర్‌ను బల్బు నుంచి పీకొద్దు, ఎనక సందుల నుంచి సూది పెట్టి కొలువు. లోడు లేకుంట కొలిస్తె అంత మంచిగనే ఉన్నట్టు చూపెడ్తది, చానమంది గాడనే మోసపోతరు.

ఒకటి, బ్యాటరీ రెండు మొనల నడుమ. రెండు, బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు లో పిన్ను దాంక. మూడు, బల్బు ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్ దాంక. నాలుగు, బల్బు లో పిన్ను, ఎర్త్ పిన్ను నడుమ. మొదటిది 13.5 నుంచి 14.5 నడుమ వస్తె నీ కాయిల్ (కరెంటు పుట్టిచ్చేది), రెక్టిఫైయర్ (దాన్ని బ్యాటరీకి డీసీగ మార్చేది) సల్లగున్నట్టె. రెండోది అర వోల్టు దాటొద్దు. మూడోది 0.2కు మించి ఉంటె దొంగ దొరికినట్టు.

ఎల్ఈడీ అన్న తమ్మునికి: వాట్లు తగ్గుతయి, నిజమే. కని పాడైన ఎర్త్ మీద ఏ బల్బు పెట్టినా రోగం దాసిపెట్టుడే. పైగా ఆ రిఫ్లెక్టర్‌ను తీగ ఎక్కడ ఎలుగుతదో లెక్క కట్టి చేసిండ్రు. చిప్పు ఒక మిల్లీమీటరు అటిటు ఉన్నా వెలుగు చెదిరి ఎదురొచ్చేటోని కండ్లల్ల పడ్తది.

30 ఆంపియర్ల ఫ్యూజ్ మాత్రం ఇయ్యాల్నే తీసెయ్యి. ఇది చదివినంక టీ తాగకముందే. నీ ఫ్యూజ్ ఎందుకు పోయిందో చెప్త: పాస్ కొట్టినప్పుడు రెండు తీగలు ఒక్కసారి ఎలుగుతయి. 100, 90 కలిపితె 190 వాట్లు, దాదాపు 16 ఆంపియర్లు. ఫ్యూజ్ దాని డ్యూటీ అది చేసింది. ఇప్పుడు అదే సన్న వైరు మీద 30ది పెడితె, రేపు ఏదన్న అంటుకుంటె ఫ్యూజ్ కన్న ముందు వైరు కాలుతది. పెట్రోల్ ట్యాంకు కింద.

---

మర్రిచెట్ల దారి:

పెద్దాయనా, దండం. ఫ్యూజ్ పొద్దుగాల్నే తీసేసిన. గుజరాతీ గల్లీకి పోయి మీటర్ తెచ్చిన, 350 తీసుకున్నడు. దుకాణంల పనిచేసే పిలగాడు రేస్ పట్టుకున్నడు, నేను కొలిచిన. పారాసెటమాల్ డబ్బా అట్ట మీద రాసుకున్నయి గివి:

బ్యాటరీ మీద 13.6. ప్లస్ దిక్కు 1.2. ఎర్త్ దిక్కు 3.4. బల్బు మీద 9.0.

మూడోది తప్పు చూసిన్నేమో అని మూడుసార్లు కొలిచిన. ఒకసారి 3.3, రెండుసార్లు 3.4. ఐడిల్ మీద బ్యాటరీ 12.1కు దిగింది.

ఇంకో ముచ్చట. డూమ్ ఇప్పంగనే కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమన్నది. నెలన్నర కింద కొత్తగ పెట్టిన తెల్ల హోల్డర్, ఎర్త్ పిన్ను ఉన్న దిక్కు చాయి రంగు తిరిగింది. ఆ మూల కొంచెం కరిగి కిందికి సాగింది. ఎర్త్ రేకును ఏలితోని కదిలిస్తె పాలపన్ను లెక్క ఊగుతున్నది. మిగిలిన రెండు పిన్నులు మంచిగనే ఉన్నయి.

---

పాత డైనమో:

సక్కగ కొలిచినవ్. 1.2, 3.4, 9.0 కలుపు, 13.6 వస్తది. లెక్క తప్పలేదంటె కొలత నిజం.

హోల్డర్ ఎందుకు కరిగిందో అడుగుతవ్, ముందే చెప్త. నీ లో తీగల ఆరు ఆంపియర్ల పైన పారుతున్నది. 3.4 వోల్టులను ఆరుతోని గుణించు, 20 వాట్లు. గా ఎర్త్ దారిల చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టుకొని రోజు చేవెళ్ల నుంచి లంగర్‌హౌజ్ వస్తున్నవ్. వదులైన కొద్ది వేడి, వేడైన కొద్ది వదులు. గట్లనే ముదిరింది.

వెలుగు సంగతి. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పది శాతం పడితె వెలుగు ముప్పై శాతం పడ్తది. నీకు 9 వోల్టులే అందుతున్నయంటె ఆ బల్బు ఇయ్యగలిగిన దాంట్ల పావు వంతు కంటె పెద్దగ రాదు. నూరు వాట్ల బల్బు కొని పావు వెలుగే వాడుతున్నవ్, మిగిలిందంత దండుగ.

బ్యాటరీ తప్పు లేదు, కాయిల్ తప్పు లేదు. 13.6 వస్తున్నది కద. ఐడిల్ మీద 12.1కు పడుతున్నదంటె లోడు ఎక్కువయి బ్యాటరీ నుంచి గుంజుతున్నదని. పొద్దంత తిరిగితె నిండుతది. కని నీది రాత్రి బండి, సిగ్నళ్ల మీద నిలవడే బండి, రోజు తీసేది ఎక్కువ, పెట్టేది తక్కువ. చిట్ ఫండ్ అయినా మునుగుతది.

ఇప్పుడు నాదొక ప్రశ్న. ఎర్త్ వైరు ఆడ డూమ్‌కే మరతోని బిగిచ్చిండా? ఈ నడుమ డూమ్‌కు రంగు గిట్ల ఏపిచ్చినవా?

---

మర్రిచెట్ల దారి:

అయ్యో. ఏపిచ్చిన. బల్బు ఏసిన వారమే. రాళ్లు తగిలి పెచ్చులు పోయిందని డూమ్ మొత్తం నల్ల పౌడర్ కోటింగ్ కొట్టిపిచ్చిన. రంగుకు, కరెంటుకు ఏం సంబంధం అని ముందుగాల రాయలే. అవును, హోల్డర్ నుంచి జానెడు నల్ల వైరు వచ్చి డూమ్ లోపల మర కింద బిగిచ్చి ఉన్నది. ఆ మర కింద గూడ తళతళ నల్ల రంగే.

---

పాత డైనమో:

గదే. పౌడర్ కోటింగ్ అంటె ప్లాస్టిక్ దుప్పటి కప్పినట్టె. కొత్తల మర చుట్లు ఇనుమును కొరికి పట్టుకున్నయి, అందుకే వారం పది రోజులు నడిచింది. బుల్లెట్ అదురుకు, ఆ వేడికి పట్టు తప్పింది. సామాన్ల డబ్బాల ఈ ముక్క రాసి పెట్టుకో: రంగు ఏపిచ్చిన బండి కరెంటు పనోని దగ్గరికి ఒకసారి పోవాలె.

మర కింద గీకి బిగిస్తె ఇప్పటికి నడుస్తది. నేనైతె దాన్ని నమ్మ. డూమ్ నుంచి ఫ్రేముకు కరెంటు హ్యాండిల్ మెడల బాల్స్, గ్రీజు దాటి పోవాల్సొస్తది. హోల్డర్ ఎర్త్ పిన్ను నుంచి ఒక మంచి వైరు, 2.5 స్క్వేర్ మి.మీ.ది, తీస్కపోయి నేరుగ బ్యాటరీ మైనస్‌కు కలుపు. ప్లస్ దిక్కు 1.2 పోతున్నది కద, దానికి రిలేలు (చిన్న కరెంటుతోని పెద్ద కరెంటును కలిపే స్విచ్చు డబ్బాలు) రెండు పెట్టు, లోకు ఒకటి, హైకి ఒకటి. రిలే కాళ్లకు నంబర్లు ఉంటయి: ఇప్పుడు బల్బుకు పోయే పాత వైరు 86కు, 85 ఎర్త్‌కు, బ్యాటరీ నుంచి వచ్చే కొత్త వైరు 30కి, 87 బల్బుకు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలనే 15 ఆంపియర్ల ఫ్యూజ్. అప్పుడు హ్యాండిల్ మీది స్విచ్చి రిలేను లేపుడు వరకే, బరువు మోసుడు ఉండదు. రిలేలను కాళ్లు కిందికి ఉండేటట్టు కట్టు, వాన నీళ్లు నిలవడొద్దు. హోల్డర్ ఈసారి సిరామిక్‌ది తెచ్చుకో. రాణిగంజ్‌ల దొరుకుతయి.

బల్బు మాత్రం 60/55దే పెట్టు. అడిగినవ్, అడగలేదు, చెప్తున్న.

---

స్కూటీ టీచర్:

పెద్దాయన చివరి మాటకు నా ఓటు కూడా. నేను మొయినాబాద్ దగ్గర స్కూల్లో పనిచేస్తాను. ట్యూషన్ అయ్యాక రాత్రి స్కూటీ మీద, అన్నా, మీకు ఎదురుగా వచ్చేది నేనే! మీరు లారీని తిట్టుకున్నట్టు మీలాంటి బండ్లను నేను తిట్టుకుంటాను. ఆ రోడ్డు మీద చెట్టు మొదలు ఎక్కడుందో తెలియకపోతే నేరుగా దాన్నే ముద్దు పెట్టుకోవాలి. తెల్ల ఎల్ఈడీ వేసుకుని లో బీమ్‌లోనే కళ్లలో కొట్టేవాళ్లు ఇంకా ఘోరం. (కూకట్‌పల్లి తమ్ముడూ, నీకే.)

చట్టం సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. మీ విమానం లైటు చూసి ఆ పోలీసాయన నవ్వి వదిలేశాడంటే మీ అదృష్టం.

---

కూకట్‌పల్లి రైడర్:

అక్కా, దండాలు, లైటు కిందికి వంచి పెట్టుకుంటాను. పెద్దాయనా, ఒక డౌట్. మా ఫ్రెండ్ పాత స్ప్లెండర్‌కి నేనే ఎల్ఈడీ వేయించాను. ఐడిల్‌లో డిస్కో లైట్‌లా కొట్టుకుంటోంది. అది కూడా ఎర్తేనా?

---

పాత డైనమో:

కాదు. ఆ పాత స్ప్లెండర్ల హెడ్‌లైట్ బ్యాటరీ మీద నడవది, మాగ్నెట్ నుంచి నేరుగ ఏసీ వస్తది. తీగ బల్బుకు ఏసీ అయినా డీసీ అయినా ఒకటే, ఎర్రగ కాలుడే దాని పని. ఎల్ఈడీకి డీసీ కావాలె. ఇంజన్ తిరిగినట్టల్ల అది కొట్టుకుంటది. పాత 35/35 బల్బు ఉంటె మల్ల పెట్టమను.

---

మర్రిచెట్ల దారి:

పది రోజులయింది, ఏమయిందో చెప్పకపోతె బాగుండదని వచ్చిన.

రాణిగంజ్‌ల రెండు రిలేలు, సిరామిక్ హోల్డర్, వైరు, ఫ్యూజ్ డబ్బా, లగ్గులు అన్ని కలిపి 640 అయింది. ఆదివారం దుకాణం బందు పెట్టి ఇంటి వాకిట్ల కూసున్న. పొద్దున పదింటికి షురూ చేస్తె మూడింటికి తేలిన. మధ్యల ఒకసారి లో, హై ఉల్టా అయినయి. ఇంకోసారి తాళం తీసినా లైటు ఆరలే, 30కి పోవాల్సిన బ్యాటరీ వైరును 87కే, బల్బు వైరుతోని కలిపి గుచ్చిన. మా ఆమె చాయి పట్టుకొచ్చి "డాక్టర్ చీటీ చదివినట్టు చదువు" అన్నది. పెద్దాయన రాసింది అట్ట మీద పెద్ద అక్షరాలల్ల రాసి ట్యాంకు మీద అంటిచ్చుకున్న, గప్పుడు కుదిరింది.

60/55 బల్బు పాతది డబ్బాలనే ఉండె, అదే పెట్టిన. కొలతలు: బ్యాటరీ 13.9, ప్లస్ దిక్కు 0.2, ఎర్త్ దిక్కు 0.1, బల్బు మీద 13.6. ఆంపియర్ మీటర్ ముల్లు ఐడిల్ మీద గూడ నడుమకు దగ్గర్నే ఉంటున్నది, మైనస్‌ల పడిపోతలేదు. ఇండికేటర్ టకటక కొట్టుకుంటున్నది. సెల్ఫ్ ఒక్క ఒత్తుకే.

నమ్మరు గని, నూరు వాట్లది ఇచ్చిన దానికన్న ఇప్పుడు వెలుగు ఎక్కువున్నది. ఎక్కువుంటె మంచిగనే ఉంటది గని టీచరమ్మ మాట మనసుల ఉండె. షట్టర్ ముంగట బండి నిలవెట్టి, మీద పిలగాణ్ని కూసోవెట్టి, దీపం ఎత్తుకు సుద్దతోని షట్టర్ మీద గీత కొట్టిన. లో వెలుగు అంచు ఆ గీతకు రెండు వేళ్ల మందం కిందికి వచ్చేదాంక డూమ్ మర తిప్పిన. ఆ సుద్ద గీత ఇంకా తుడవలే. మెకానిక్ నిన్న బిళ్లల కోసం వచ్చి గీత చూసి ఏందని అడిగిండు. చెప్పిన. "30 ఫ్యూజ్ ఏడుంది మరి?" అన్నడు. డ్రాయర్‌ల నుంచి తీసి ఆయన చేతుల పెట్టిన.